గేటు దగ్గర దొరికిన చెల్లెలు

నోయిడా

జ్ఞానక్కా,

మా అపార్ట్‌మెంట్ సొసైటీ సెక్రటరీ ఫోన్ చేసి మీరు అక్కచెల్లెళ్లు ఎంతమందని హిందీలో అడిగితే, "తీన్" అని, ముగ్గురమని చెప్పు.

ఇప్పుడు పనివాళ్లు ఫోన్‌లో యాప్ చూపిస్తేనే గేటు తీస్తున్నారు. మా వంటావిడ సునీతది బటన్ల ఫోను. నాలుగిళ్ల పని పోతుందని గేటు బయట ఏడుస్తూ నిలబడింది. ఇంట్లోవాళ్లకైతే యాప్ అక్కర్లేదట. "ఈవిడ మా చెల్లెలు" అన్నాను. గార్డు మా ఇద్దరి మొహాలూ చూసి, "ఠీక్ హై, మేడమ్‌జీ" అని పేరు రాసుకున్నాడు. సెక్రటరీకే అనుమానం, నీ నంబరు తీసుకున్నాడు.

పదేళ్లుగా వంటగదిలో నిలబడే టీ తాగిన సునీత, ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చుంది. "టీ నువ్వే పెట్టు, దీదీ" అంది.

పెట్టాను. చక్కెర ఎక్కువైందట.

నీ చెల్లి