వదినగారి తర్జుమా

ఫిబ్రవరి 16, ఆదివారం
మా వంటింటి బల్ల దగ్గర నుంచి

గౌరవనీయులైన వదినగారికి,

మీ మరదలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. మీ క్షేమం సంగతి ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యాక మీరే చూసుకోండి.

రోడ్డు దాటితే మీ ఇల్లు. మా కిటికీలోంచి మీ బాల్కనీలో ఆరేసిన దుప్పట్లు కూడా కనిపిస్తున్నాయి. ఇంత దగ్గర్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వుకుంటారేమో. ఎదురుగా కూర్చుంటే నా మాట నన్ను పూర్తి చేయనివ్వరు కదా! నేను నోరు తెరవగానే మీరు అందుకుంటారు. కాగితాన్ని మధ్యలో అందుకోలేరు. అందుకే పాప పక్కన కూర్చుని రంగుపెన్సిళ్ళతో గీతలు గీసుకుంటుంటే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు కబుర్లు. పాపకి జలుబు తగ్గింది, మాటలు ఎక్కువయ్యాయి. నోరంతా మేనత్త పోలికే అని మీ తమ్ముడు మురిసిపోయేవారు, ఈమధ్య అనడం మానేశారు. నాకు హోటల్లో పని మారింది. దుప్పట్లు ఇస్త్రీ చేసే యంత్రం దగ్గర్నుంచి తీసి, బస చేసినవాళ్ళ బట్టలు తీసుకునే కౌంటర్లో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళతో నేనే మాట్లాడాలి. అవును, ఇక్కడి భాషలోనే. ఆ భాష దీనికి ఈ జన్మకు రాదని బంధువులందరికీ చెప్పింది మీరే కాబట్టి, ఈ శుభవార్త మీకే ముందు రాస్తున్నాను.

ఎందుకు నేర్చుకున్నానో కూడా చెప్పాలి. అది మీ చలవే.

మేనత్తను నేనుండగా పిల్లని పరాయివాళ్ళ దగ్గర వదలడమేమిటని డేకేరు మాన్పించారు. కాదనలేకపోయాను. మమ్మల్ని ఈ దేశానికి రప్పించింది మీరు, మీ తమ్ముడికి బస్సు డిపోలో పని చూసిపెట్టింది మీరు. మా ఇంట్లో మీ మాటకి ఎదురెక్కడిది? కిందటేడు ఆ రోజు కూడా పొద్దున్నే పాపని మీ సోఫాలో కూర్చోబెట్టి పనికి వెళ్ళాను. మధ్యాహ్నం ఫోన్ వస్తే ఏప్రన్ కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చాను. పిల్ల ఒళ్ళంతా చెమటలు, కళ్ళు పైకి తేలిపోయి ఉన్నాయి. ఎత్తుకుంటే తడిబట్టలా నా భుజం మీద వేలాడిపోయింది. ఏమైంది వదినా అంటే, ఉన్నట్టుండి పడిపోయిందే, నాకేం తెలుసు అన్నారు.

ఆసుపత్రిలో ఆ కళ్ళజోడు డాక్టరు ఒకే ప్రశ్న మార్చి మార్చి అడిగాడు. మీరు తల అడ్డంగా ఊపుతూ ఏదో చెప్పారు. నేను మీ పెదవుల వంకే చూస్తూ నిలబడ్డాను. ఏమంటున్నాడని మీ చెయ్యి పట్టుకుని అడిగితే, పిల్లకి పొద్దున ఏం పెట్టావని అడుగుతున్నాడే, డ్యూటీ హడావిడిలో నీకు కుదరదని సర్దిచెప్పాను అన్నారు. కాదు వదినా, పాలు తాగింది, అరటిపండు తింది, చెప్పండి వదినా అని మొత్తుకున్నాను. చెప్పానులే, కంగారుపడకు అన్నారు. వాళ్ళు సెలైన్‌లో చక్కెర ఎక్కించడం, అది కాస్త కళ్ళు తెరవడం, మళ్ళీ ఫిట్స్ వచ్చి పడిపోవడం. ఒంట్లో చక్కెర ఎందుకు పడిపోతోందో వాళ్ళకి అంతుపట్టలేదు. మీకు మాత్రం తెలుసు. నా పక్కనే నిలబడి, నా వీపు నిమురుతూ, మీకు తెలుసు!

పాప ఇంటికి వచ్చాక పిల్లల సంక్షేమం చూసే ఉద్యోగిని వచ్చింది. తల్లి కడుపు మాడుస్తోందని ఆమెకి కబురు వెళ్ళింది మరి. మా ఫ్రిజ్ తెరిచింది, గిన్నెల మూతలు తీసి చూసింది, పాప చేతులు పట్టుకుని కండ ఉందో లేదో చూసింది. నేను గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆమె వెళ్ళాక, పిల్లకి ఇంత తిండి పెట్టలేని ఉద్యోగం నీకెందుకని మీ తమ్ముడు అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నన్ను అంత మాట అనడం అదే మొదలు. మీరు మర్నాటి నుంచి అందరూ చూసేలా మా ఇంటికి క్యారేజీ మోసుకొచ్చారు. పాపం, దానికి వంట చేసే తీరికెక్కడ అని లిఫ్టులో కనబడ్డవాళ్ళకల్లా చెప్పారు. ఆ క్యారేజీ తిన్న నోటితోనే హోటల్లో తోటి పనివాళ్ళ దగ్గర భాష నేర్చుకున్నాను. ఇంకెప్పుడూ నా బిడ్డ గురించి నా బదులు ఇంకొకరు మాట్లాడకూడదనుకున్నాను.

పోయిన మంగళవారం పాపని మళ్ళీ చూపించాల్సి వచ్చింది. మీరు మీ అమ్మాయి పెళ్ళి బట్టలకి వెళ్ళారు కాబట్టి నేనొక్కదాన్నే తీసుకెళ్ళాను. అదే డాక్టరు. నేను మాట్లాడుతుంటే ఆశ్చర్యపోయాడు. ఆ మాత్రలు ఎక్కడివో తెలిసిందా అని అడిగాడు. ఏ మాత్రలు అన్నాను. పాప రక్తంలో పెద్దవాళ్ళు వేసుకునే షుగరు మాత్ర మందు దొరికిందట. ఇంట్లో ఎవరైనా ఆ మాత్రలు వాడతారా అని ఆ రోజు అన్నిసార్లు అడిగింది అదేనట. ఎవరూ వాడరని మీరు గట్టిగా చెప్పారట. పరీక్ష ఫలితం రాగానే ఆసుపత్రివాళ్ళు మీకే ఫోన్ చేశారట, మా తరఫున ఇచ్చింది మీ నంబరే కాబట్టి. తల్లికి నేను చెప్తాను అన్నారట. ఎప్పుడు చెబుదామని వదినా?

ఇంతలో నర్సు పాపకి పిప్పరమెంటు ఇవ్వబోయింది. అది పెదాలు బిగించేసుకుని, వద్దు, అత్త డబ్బాలో బిళ్ళ చేదు అంది.

మీ హ్యాండుబ్యాగులో ఎర్ర పిప్పరమెంటు డబ్బా నాకు తెలియనిదా? భోజనానికి ముందు అందులోంచి ఒకటి నోట్లో వేసుకునేవారు. నోటి వాసనకేమో అనుకుని మర్యాదకి అడగలేదు. అమ్మాయి పెళ్ళయ్యేదాకా తల్లికి షుగరుందని బయటికి పొక్కకూడదని మీ ఆరాటం. అన్నయ్యగారికి కూడా తెలియనివ్వలేదు.

బిళ్ళ పిల్ల చేతికి దొరకడం పొరపాటే. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అంతవరకే అయితే మీతో కలిసి ఏడ్చి ఊరుకునేదాన్ని. కానీ ఒక్క మాట చెప్తే సరైన మందు వేసేవాళ్ళు. ఆ మాట మింగేసి, నేరం నా నెత్తిన రుద్దారు. నాకు కోపం వచ్చిందంటే చాలదు, కసి పుట్టింది. అది తీర్చుకుంటున్నాను.

మీ తమ్ముడికి మొత్తం చెప్పాను. డిపో యూనిఫాంలోనే స్నానాల గదిలో టబ్బు అంచు మీద కూర్చుని విన్నారు. తర్వాత వెళ్ళి కొత్త తాళం కొనుక్కొచ్చి బిగించారు. కాబట్టి మీ దగ్గరున్న మా ఇంటి తాళంచెవి పారేయండి.

సంక్షేమం ఉద్యోగినిని కూడా కలిశాను. ఆమె భాషలోనే, తప్పో ఒప్పో, అంతా నేనే చెప్పాను. ఈ వారంలో మీ ఇంటికి వస్తానంది. ఫ్రిజ్ సర్దిపెట్టుకోండి, మూతలు తీసి చూస్తుంది. మీకు భాష వచ్చు కాబట్టి మధ్యలో ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఇక పెళ్ళి. మీ తమ్ముడు రానని భీష్మించుకున్నారు, నేనే ఒప్పించాను. ముందు వరసలో మీ వియ్యపురాలి పక్కనే కూర్చుంటాను. ఆవిడకీ నాకూ అప్పుడే బాగా కలిసింది. మేమేం మాట్లాడుకుంటున్నామో మీకు అంత దూరం నుంచి వినపడదు. ఆ రోజు నేను మీ పెదవులు చూస్తూ నిలబడ్డట్టే, మీరూ మా పెదవులు చూస్తూ నిలబడండి.

అన్నయ్యగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
పిల్లకి తిండి పెట్టడం చేతకాని
మీ మరదలు

తా.క.: కవరు అంటించబోతూ ఆగిపోయాను. పెళ్ళిదాకా మిమ్మల్ని ఆ భయంలోనే ఉడికిద్దామనుకున్నాను గానీ, అంతకంటే గట్టిది నా దగ్గర ఉంది. నిన్న మీ వియ్యపురాలు, మీ అమ్మాయి కలిసి పాపని చూడటానికి వచ్చారు. నేను నోరు తెరవకముందే ఆవిడ, మీ వదినగారు షుగరు మాత్రలు వేళకి వేసుకుంటున్నారా అని అడిగింది. మీ అమ్మాయికి ఎప్పటినుంచో తెలుసట. పెళ్ళిచూపుల రోజే, అంటే పాప పడిపోకముందే, అబ్బాయికి చెప్పేసిందట. ఆవిడ నవ్వుతూ తన బ్యాగులోంచి తన మాత్రలు తీసి చూపించింది, వాళ్ళింట్లోనూ అందరికీ ఉందట. మా పాపకి ఏం జరిగిందో వాళ్ళిద్దరికీ నేను చెప్పలేదు, చెప్పను కూడా. వాళ్ళకి ముందే తెలిసిన సంగతి దాచడానికి మీరు నా బిడ్డని చావు దాకా పంపారు వదినా. ఇది మీకొక్కరికే చెప్తున్నాను.