కన్ను చూపిస్తేనే

కుషిహమ రేవు,
అక్టోబరు 19, 2023.

చెల్లెలు చిజురుకు అన్నయ్య యోషిహారు ఆశీస్సులు.

ఇక్కడ ఎండలు తగ్గాయి, సముద్రపు గాలి చల్లబడింది. మీ వదినా నేనూ క్షేమం. చేపను రుబ్బి ఆవిరి మీద ఉడికించే మన కమబొకో కొట్టు ఎప్పటిలాగే నడుస్తోంది. నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. తొమ్మిదేళ్ల తర్వాత రాస్తున్న ఉత్తరం కదా, మర్యాదలు ఇంతకంటే సాగదీస్తే నాకే సిగ్గుగా ఉంటుంది.

కిందటి శనివారం టౌన్ హాల్లో జరిగిన సభకు నేనూ వచ్చాను. స్తంభం చాటున కూర్చున్నాను. నువ్వు చూడలేదు.

నువ్వు సైన్యంలో చేరిన రోజు నేనన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. "తాతను సముద్రం మీది యుద్ధం మింగింది. నువ్వు యుద్ధాన్ని ఆకాశం దాకా మోసుకుపోతావా?" అన్నాను. తర్వాత మన పక్క కొండ మీదే రాడార్ లేచింది. అంతరిక్షంలో ఎవరి ఉపగ్రహం ఎటు పోతోందో అది కనిపెడుతుందన్నారు. వద్దని సంతకాలు సేకరించినవాళ్ళలో నేనొకణ్ణి. దానికి అధికారిగా నిన్నే పంపుతారని కలలో కూడా అనుకోలేదు.

సభలో టోక్యో నుంచి వచ్చిన రక్షణ శాఖ పెద్దమనిషి ఆ రాడార్ గురించి గంటసేపు నున్నగా మాట్లాడాడు. అప్పుడు పీతలమ్మే మత్సునో మామ్మ లేచి, "ఇవాళ చూస్తుంది సరే, రేపు పక్క దేశపు ఉపగ్రహాన్ని కూల్చడానికి ఇదే గురి చూపిస్తుందా?" అని అడిగింది. ప్రస్తుతానికి అలాంటి ఆలోచన లేదన్నాడాయన. మామ్మ ఊరుకుంటుందా? "నీ ఆలోచన ఎవరడిగారు నాయనా? నిజం చెప్పు" అంది. హాలంతా గొల్లున నవ్వింది.

అప్పుడు నువ్వు మైకు అందుకున్నావు.

"మామ్మా, ఇది కన్ను, చెయ్యి కాదు. కానీ కన్ను చూపిస్తేనే చెయ్యి కొడుతుంది. ఇది ఎప్పటికీ గురి చూపించదని చెబితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. చూపించాలా వద్దా అన్నది చట్టం తేల్చాలి. చట్టం చేసేవాళ్ళను ఎన్నుకునేది మీరు. అడగడం మానకండి" అన్నావు.

పెద్దమనిషి మొహం మాడిపోయింది. నువ్వు ఆగలేదు. మన తీరం మీద నిఘా పెట్టిన పరాయి ఉపగ్రహాన్ని ఈ వేసవిలో ఒక పాత ఇనపముక్క ఢీకొట్టబోతుంటే మీరే వాళ్ళకు కబురు పంపారని చెప్పావు. పడవల కజితా ఊరుకోలేక, "మన మీద కన్నేసినదాన్ని మనమే కాపాడామా? కమబొకో యోషిహారు చెల్లెలివేనా నువ్వు!" అని అరిచాడు.

"అవునండీ, ఆయన చెల్లెల్నే. పైన ఏది పగిలినా ముక్కలు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. మీకు తుపాను కబురు చెప్పే ఉపగ్రహాన్ని కూడా వదలవు. అందుకే చెప్పాం. వాళ్ళు థాంక్స్ కూడా అనలేదనుకోండి" అన్నావు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం లేచి, అది మా చెల్లెలేనని అరవాలనిపించింది. అరవలేదు. వెనక గుమ్మంలోంచి జారుకున్నాను. మర్నాటి నుంచి కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ, అడక్కపోయినా, చెబుతున్నాను. "కమబొకో ఇస్తావా, చెల్లెలి కథే చెబుతావా?" అని విసుక్కుంటున్నారు.

ఆ జవాబుకి మీ పైఅధికారులు నిన్ను సంజాయిషీ అడిగారని మామ్మ మనవరాలు చెప్పింది. మీ క్యాంటీన్‌లో పనిచేస్తోందిగా. చిజురూ, ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోకు. సాక్ష్యం కావాలంటే హాలు నిండా మనుషులమున్నాం.

నేను మారలేదు. ఆ రాడార్ నాకిప్పటికీ ఇష్టం లేదు. గురువారాలు నిరసనకు మీ గేటు ముందు కూర్చుంటాను, ఇకమీదట కూడా కూర్చుంటాను. కాకపోతే, లోపల నువ్వున్నావంటే ఇంటికొచ్చాక నిద్ర పడుతుంది.

ఆదివారం భోజనానికి రా. యూనిఫాంలో వచ్చినా సరే.

నిన్ను చూసి గర్వపడుతున్న
అన్నయ్య,
యోషిహారు

తా.క.: మామ్మ అడిగిన మొదటి ప్రశ్న నాది. మూడు రోజులు కూర్చుని ఆమెతో బట్టీ పట్టించాను. నువ్వు తడబడి అబద్ధమాడతావని, నా తొమ్మిదేళ్ల కోపం న్యాయమేనని ఊరి ముందు తేలిపోతుందని ఆశపడ్డాను. సంజాయిషీ రాయాల్సింది నువ్వు కాదమ్మా, నేను. ఇదిగో, రాశాను.