పది మేకులు, ఒక గీత

ప్రియమైన మామయ్యకు,

నేను క్షేమం. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందా? మెట్లు ఎక్కొద్దని నేను చెప్పానని చెప్పు. నువ్వు చెప్తే ఎలాగూ వినదు.

బడి ఎలా ఉందని అడిగావు కదా. మూతపడిన నూలు మిల్లు వెనక రెండు గదులు. ఒకదాంట్లో ఒకటి, రెండు, మూడు తరగతులు కూర్చుంటే, రెండోదాంట్లో నా నాలుగూ ఐదూ. మొత్తం ముప్పై ఒక్కమంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. గోడకి మిల్లు కాలం నాటి పెద్ద గడియారం ఉంది. అది నడవదు. అయినా పిల్లలంతా దాని మీదే టైము చూడడం నేర్చుకున్నారు, ముళ్ళు నేనే తిప్పుతాను. రోజుకి పన్నెండుసార్లు సాయంత్రం అయిదు చేయమని బతిమాలతారు, దొంగ వెధవలు.

అంతా బాగానే ఉందనుకునేసరికి గుండెల్లో రాయి పడింది. జిల్లా విద్యాధికారి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పెద్దబడికి మూడు కిలోమీటర్ల లోపు ఉన్న చిన్నబడులన్నిటినీ వచ్చే సంవత్సరం దాంట్లో కలిపేస్తారట. మా దూరం రెండు వేల తొమ్మిది వందల మూడు మీటర్లు. అంటే తొంభై ఏడు మీటర్ల కోసం మా బడి పోతుంది. ఆ రోడ్డు నువ్వు చూడాలి మామయ్యా. లారీల రోడ్డు, పక్కన నడవడానికి జానెడు జాగా లేదు. పోయినేడాది ఇలాగే ఒక బడిని కలిపేస్తే అక్కడి పందొమ్మిది మందిలో పదకొండు మందే పెద్దబడికి వెళ్తున్నారు. మిగతా ఎనిమిది మంది ఇంట్లోనే ఉండిపోయారు. అందరూ ఏడెనిమిదేళ్ళ వాళ్ళు.

ఈ సంగతి పెద్ద పిల్లలకి చెప్పాను. దర్జీ కూతురు ఒకతి ఉంది ఐదో తరగతిలో. దానికి నేను పెట్టుకున్న పేరు ఎందుకమ్మ. లేచి నిలబడి, "ఆ దూరం ఎవరు కొలిచారు టీచర్?" అంది. ఆఫీసువాళ్ళన్నాను. "దేంతో కొలిచారు? వాళ్ళకి తప్పులు రావా?" అంది. వాళ్ళకి ఎలాగూ వచ్చే వారం పాఠం మీటర్లూ కిలోమీటర్లే. అందుకని, రోడ్డు మనమే కొలుద్దామని చెప్పేశాను. చెప్పాక తెలిసింది, రోడ్డు ఎలా కొలుస్తారో నాకే తెలియదని!

ముప్పై నాలుగేళ్ళు సర్వే శాఖలో కొలత గొలుసు లాగిన మేనమామ ఉండి నాకు ఈ దిగులేమిటి? వెంటనే రాయి. వచ్చే నెల ఇరవయ్యో తేదీన ఈ కలపడం మీద ఆఫీసులో విచారణ.

నీ మేనకోడలు

*

మా ఇంటి పంతులమ్మకు ఆశీస్సులు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి మీ అత్తయ్యకి గట్టిగా చదివి వినిపించాను. "ఇన్నాళ్ళకి నీ గొలుసు గోల వినేవాళ్ళు దొరికార"ని నవ్వింది. నవ్వనీ.

శ్రద్ధగా విను. తాడు వద్దు, తాడు సాగుతుంది. ముప్పై మీటర్ల ఇనప తీగ తీసుకో. ఇద్దరు మనుషులు కావాలి. ముందు మనిషి, వెనక మనిషి. ముందు మనిషి చేతిలో పది మేకులుంటాయి. తీగ బిగించి లాగినప్పుడల్లా కొసన ఒక మేకు గుచ్చి ముందుకెళ్తాడు. వెనక మనిషి ఆ మేకు దాకా వచ్చి, దాన్ని పీకి చేతిలో పెట్టుకుంటాడు. వెనక మనిషి చేతిలో పదీ పడగానే "పది!" అని అరిచి, మేకులు ముందు మనిషికి తిరిగిచ్చి, పుస్తకంలో ఒక గీత గీస్తాడు. ఒక గీత అంటే పది తీగలు, మూడు వందల మీటర్లు. గీయడం వెనక మనిషి బాధ్యత. అందుకే వెనక మనిషి నమ్మకస్తుడై ఉండాలి. నేను ఎప్పుడూ వెనక మనిషినే.

వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కొలవండి. రెండూ దగ్గరగా వస్తేనే నమ్మండి. నా సర్వీసులో ఒక్క గొలుసు కూడా తప్పలేదు. నా శిష్యులకి కాకిలెక్కలు వస్తే ఊరుకోను, ముందే చెప్తున్నా.

మీ మామయ్య

తా.క. మోకాలు తగ్గలేదు. మెట్లు ఎక్కుతూనే ఉంది.

*

మామయ్యా,

ముందు శుభవార్త. మన వాళ్ళు కొలిచేశారు!

మొదటి రోజు నవ్వులపాలయ్యాం. వెనక మనిషి రాకముందే ముందు మనిషి తన మేకులు తనే పీకేసుకున్నాడు. అడిగితే "అది నేను గుచ్చిందే కదా టీచర్" అన్నాడు. తర్వాత మేకులు తొమ్మిదే ఉన్నాయి. అరగంట వెతికితే పదోది ఒక పిల్ల జడలో దొరికింది, పోకుండా అక్కడ దాచిందట. నా తల ప్రాణం తోకకొచ్చింది. రెండో రోజు ఎవరి పని వాళ్ళకి పంచాను. ఇద్దరు తీగకి, ఇద్దరు ఎర్రగుడ్డలు పట్టుకుని లారీలకి, ఒకరు తీగ వంకర పోకుండా చూడడానికి, ఇద్దరు విడివిడిగా రెండు పుస్తకాల్లో గీతలు గీయడానికి. క్లాసులో హాజరు కూడా గొణుక్కుంటూ పలికే ఒక పిల్లని వెనక మనిషిని చేశాను. అది "పది!" అని అరిచిన అరుపుకి లారీ డ్రైవరు బ్రేకు వేశాడు!

వెళ్ళేటప్పుడు మూడు వేల రెండు వందల నాలుగు మీటర్లు. వచ్చేటప్పుడు మూడు వేల రెండు వందల రెండు. మూడు కిలోమీటర్లు దాటింది మామయ్యా! పిల్లలు రోడ్డు మీదే గంతులేశారు. నేను కూడా వేశాను, అత్తయ్యకి చెప్పకు. ముప్పయ్యో ఎక్కం ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. విద్యాధికారి మంచాయనే. చూసి నవ్వి, "పిల్లల చేత మంచి పని చేయించారమ్మా, ఫోటోలు పంపండి. కానీ రిజిస్టరు రిజిస్టరే" అన్నారు. రిజిస్టరు తీసి చూపించారు. నూలు మిల్లు గేటు నుంచి పెద్దబడి గేటు దాకా, ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం కొలిచింది సర్వే శాఖ మూడో బృందమట. మీ శాఖవాళ్ళే. అది చూశాక నా ధైర్యం సగమైంది. మా వాళ్ళే ఎక్కడైనా తప్పారంటావా? పిల్లల పుస్తకం కాపీ పంపుతున్నాను. ఎక్కడ తప్పిందో చూసి చెప్పు.

నీ మేనకోడలు

*

అమ్మాయికి,

పుస్తకం చూశాను. తీగ సాగి ఉండొచ్చు. మలుపుల దగ్గర పిల్లలు వంకరగా పోయి ఉండొచ్చు. సర్వే శాఖ కొలతల్ని పిల్లల ఆటతో పోల్చకూడదు. పెద్దవాళ్ళు ఎండలో నిలబడి చేసిన పని అది. ఈ గొడవ ఇంతటితో వదిలెయ్యి. నీ ఉద్యోగం నువ్వు చూసుకో. పిల్లలకి నడక అలవాటవుతుంది.

మామయ్య

*

మామయ్యకు,

నీ ఉత్తరం నువ్వే రాశావా అనిపించింది. చేతిరాత నీదే, మాట నీది కాదు. నేను నీ ఇంట్లో ఉండి చదువుకున్న తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా నువ్వు నన్ను "వదిలెయ్యి" అనలేదు. లెక్క రాక ఏడుస్తుంటే పక్కన కూర్చుని మళ్ళీ చెయ్యమనేవాడివి. ఇప్పుడేమయింది? నాకు బాధగా ఉంది, కోపంగానూ ఉంది. దాచుకోలేను.

నువ్వు తీగ సాగిందన్నావని కొత్త తీగతో మళ్ళీ కొలిచాం. మలుపుల దగ్గర నేనే నిలబడ్డాను. మూడు వేల రెండు వందల మూడు వచ్చింది. ఆ అంకె నల్లబల్ల మీద రాసి, దాని కింద రిజిస్టరు అంకె రాసి తీసివెయ్యమన్నాను. అందరూ తీసివేసి ఊరుకున్నారు. ఎందుకమ్మ ఊరుకుంటుందా? "సరిగ్గా మూడు వందలే ఎందుకొచ్చింది టీచర్? తీగ సాగితే ఎంతో కొంత వస్తుంది కానీ ఇంత గుండ్రంగా రాదు కదా. మూడు వందలంటే ఒక గీత. వాళ్ళు ఒక గీత గీయడం మర్చిపోయారు" అంది.

పదేళ్ళ పిల్ల మామయ్యా!

కానీ విచారణలో ఈ మాట చెప్తే "మర్చిపోయారని రుజువేదమ్మా" అంటారు. నా దగ్గర రుజువు లేదు. అయినా ఇరవయ్యో తేదీన ఎందుకమ్మని తీసుకుని వెళ్తున్నాను. నువ్వు నమ్మకపోతే పోనీ. మా పిల్లల్ని నేను నమ్ముతున్నాను.

నీ మేనకోడలు

*

నా తల్లికి,

నిన్ను నొప్పించినందుకు ముందు నన్ను క్షమించు. మూడో బృందంలో వెనక మనిషిని నేనే.

ఆ మాట రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ రోజు సగం దూరం దాటాక ఒక చెట్టు నీడలో భోజనానికి ఆగాం. కూర్చునే ముందు పది మేకులూ ముందు మనిషి చేతికిచ్చాను. గీత తిన్నాక గీద్దాంలే అనుకున్నాను. తిన్నాక కబుర్లలో పడ్డాం. సాయంత్రం ఇంజనీరు అడిగితే నా పుస్తకంలో తొమ్మిది గీతలున్నాయి. ముందు మనిషి, "పది సార్లు మేకులు తీసుకున్నాను సార్, నాకు బాగా గుర్తు" అన్నాడు. నాకు అప్పుడే అనుమానం తగిలింది. కానీ అందరి ముందూ తప్పు ఒప్పుకోవడానికి మనసు రాలేదు. వాడి మీద అరిచాను. నా లెక్క ఎప్పుడైనా తప్పిందా అన్నాను. ఇంజనీరు నా మాటే నమ్మి వాణ్ణి నలుగురిలో చివాట్లు పెట్టాడు. ఆ రోజు గొంతు పెద్దదైనవాడి లెక్క రిజిస్టరెక్కింది.

ఆ తర్వాత వాడు నాతో మాట్లాడలేదు. ఇదే ఊళ్ళో, మార్కెట్టు వెనక వీధిలో ఉంటాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను ఆ వీధిలో అడుగుపెట్టలేదు. ఒక్క గొలుసు తప్పలేదని లోకమంతా చెప్పుకుని తిరిగింది ఇందుకే కాబోలు. ఒక్క రోడ్డు మీద పది గొలుసులు తప్పినవాణ్ణి.

నీ రెండో ఉత్తరం చదవగానే నాకు అర్థమైంది. మీ పిల్లలు సరిగ్గా కొలిచారని తెలిసే, పిల్లల ఆట అని రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. మీ అత్తయ్య నీ ఉత్తరం చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత, "చిన్నపిల్లలు లారీల మధ్య నడవడం కన్నా నీ పరువు ఎక్కువా?" అని ఒక్క మాటే అడిగింది.

ఈ కవరులో విద్యాధికారికి రాసిన ఉత్తరం ఉంది. సంతకం చేశాను. నా పాత పుస్తకం కూడా పెట్టాను, తొమ్మిది గీతలూ అందులోనే ఉన్నాయి. అందరి ముందూ చదివించు. ఇది పోస్టులో వేసి, అటునుంచి అటే మార్కెట్టు వెనక వీధికి వెళ్తున్నాను. వాడు తలుపు తీస్తాడో లేదో తెలియదు.

మీ మామయ్య

*

నా బంగారు మామయ్యకు,

గెలిచాం!

అసలు సంగతి వివరంగా రాస్తాను, అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని చదువు. విచారణ గదిలో పెద్ద బల్లకి అటువైపు ముగ్గురు అధికారులు, ఇటువైపు నేనూ ఎందుకమ్మా. వెనక బెంచీల మీద మా పిల్లల తల్లిదండ్రులు పనులు మానుకుని వచ్చి కూర్చున్నారు. నీ ఉత్తరం విద్యాధికారి పైకి చదివారు. గొంతు పెద్దదైనవాడి లెక్క అన్న మాట అందులోనూ రాశావు, దాన్ని ఆయన రెండుసార్లు చదివారు. అంతా అయ్యాక కళ్ళజోడు తీసి, "ఈయన మీకేమవుతారమ్మా?" అన్నారు. మేనమామ అన్నాను.

పక్కనున్న అధికారి వెంటనే అందుకున్నాడు. "అదీ సంగతి! మేనకోడలి బడి కోసం మేనమామ ఏదైనా రాస్తాడు" అన్నాడు. ఎందుకమ్మ లేచింది. "సార్, మాకు సాయం చేయడానికి అబద్ధం రాసేవాళ్ళయితే వేరేవాళ్ళు తప్పు చేశారని రాస్తారు కదా. తన తప్పని ఎందుకు రాసుకుంటారు?" అంది. వెనక బెంచీల్లో దర్జీ చప్పట్లు మొదలెట్టాడు. ఆపమని చెప్పినా ఎవరూ ఆపలేదు.

విద్యాధికారి రిజిస్టరు మూసేసి, "రేపు పొద్దున్న రోడ్డు మీదే తేల్చుకుందాం" అన్నారు. మర్నాడు తొమ్మిదింటికి సర్వే శాఖ నుంచి ఒకావిడ కొత్త యంత్రం పట్టుకుని వచ్చింది. ముప్పై ఒక్కమందీ రోడ్డు అంచున ఒకరి వెనక ఒకరు ఆవిడ వెంట నడిచారు. పెద్దబడి గేటు దగ్గర ఆవిడ అంకె చదివింది. మూడు వేల రెండు వందల మూడు మీటర్ల పది సెంటీమీటర్లు! ఆవిడ మా తీగని చేతిలోకి తీసుకుని చూసి, "దీంతో కొలిచారా!" అని పిల్లలందరితో పేరుపేరునా చేయి కలిపింది. విద్యాధికారి అక్కడే, లారీ బోనెట్టు మీద కాగితం పెట్టుకుని, మా బడిని విలీనం జాబితాలోంచి తీసేస్తూ సంతకం చేశారు. రిజిస్టరులో పాత అంకె కొట్టేసి కొత్తది రాశారు. దాని పక్కన "తప్పు కనిపెట్టినది: మిల్లు బడి నాలుగు, ఐదు తరగతులు" అని రాయించారు. రాసేదాకా ఎందుకమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు.

నీ గురించి ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడు నువ్వు మీసం దువ్వుకుంటూ సర్వే కబుర్లు చెప్తుంటే మా మామయ్యంతటివాడు లేడనుకునేదాన్ని. ఆ గదిలో నీ ఉత్తరం వింటున్నప్పుడు నిజంగా లేడనిపించింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

అత్తయ్య విడిగా రాసిన కార్డు నిన్న అందింది. ముందు మనిషి తలుపు తీశాడనీ, గంటసేపు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టి, తర్వాత టీ ఇచ్చాడనీ, ఇప్పుడు రోజూ సాయంత్రం మీ ఇంట్లోనే ఉంటున్నాడనీ రాసింది. ఆ గంట తిట్లూ నీకు తగినవే మామయ్యా, నేనేమీ జాలిపడను.

ఇప్పుడు అసలు పని. మా సంగతి జిల్లా అంతా పాకింది. జాబితాలో ఉన్న ఇంకో రెండు చిన్నబడుల టీచర్లు వచ్చి, మా రోడ్డు కూడా కొలిచి పెట్టండని కూర్చున్నారు. వాళ్ళ కొలతలు ఒప్పో తప్పో తెలియదు, కొలిస్తే కదా తెలిసేది. వాళ్ళ పిల్లలకీ మా పిల్లలకీ కలిపి నేర్పడానికి నాకు ఇద్దరు మనుషులు కావాలి. వచ్చే సోమవారం ఉదయం పది గంటలకి క్లాసు. నువ్వూ, ముందు మనిషి గారూ, ఇద్దరూ రావాలి. ఈసారి నువ్వు ముందు, ఆయన వెనక. పుస్తకం ఆయన చేతిలో ఉంటుంది.

ఆలస్యంగా వచ్చినవాళ్ళని గుమ్మం బయట నిలబెడతాను. మేనమామ అని చూడను.

నీ మేనకోడలు, పంతులమ్మ