ఊగిన బల్ల

బుజ్జీ,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. కర్మన్‌ఘాట్ కలప అడితి నుంచి చెక్క తెచ్చి వాకిట్లో బల్ల చేశాను. నీ నోటుబుక్కులో రాసుకున్న కొలతలే పెట్టాను.

నువ్వు చేసిన బల్ల ఊగుతుంటే వాడకట్టోళ్ల ముందు నవ్వాను కదా. "గిది బల్లనా, ఉయ్యాలనా?" అన్నాను. మర్నాడు నువ్వు కాలేజీకి పోయాక దాన్ని విరగ్గొట్టి నీళ్ల పొయ్యిలో పెట్టాను. సాయంత్రం వచ్చి చూసి నువ్వు అన్నం పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయావు.

నేను మేకు కొడితే పలక చివర రెండుసార్లు పగిలింది. మూడోసారి ముందు సన్నగా బెజ్జం వేసుకుని కొట్టాను. తీరా నిలబెడితే నాదీ నీ బల్లలాగే ఊగింది. అక్కడే కూలబడి ఏడ్చాను. వీధి చివర వడ్రంగి యాదగిరి చూసి వచ్చాడు.

"గింతదానికే పరేషానా అక్కా? ఒక్క కాలు జర పొడుగైంది, గంతే" అని దాన్ని కొంచెం కోసి సరిచేశాడు.

రెండు నిమిషాల పని బుజ్జీ. అంతమాత్రానికి నీ బల్లను కాల్చేశాను.

నీకిష్టమని గుడ్డుకూర, పచ్చిపులుసు చేసి ఆ బల్ల మీదే నీకు పళ్లెం పెట్టాను. గిన్నెలో పులుసు తొణకలేదు. అమ్మ మీద కోపంతో ఈసారి లేచి వెళ్లిపోకు. కడుపు నిండా తిను బిడ్డా.