షమీమ్ చదివిన ఊరు

గురువారం రాత్రి, ఆలూరు

ఈరోజు నా రెండో తరగతిలో షమీమ్ చదివింది! పుస్తకం తెరిస్తే చాలు తల వంచుకునే పిల్ల, టీవీలో సీడీ పాఠం పెట్టి తెరమీద మాట రాగానే అందరికంటే ముందు "పలక" అని అరిచింది. నాకేమో అనుమానం. నాలుగుసార్లు చూసిన పాఠం కదా, బట్టీ పట్టిందేమో! టీవీ ఆపేసి, పాఠంలో లేని మాట ఒకటి బోర్డు మీద రాశాను.

"క... డ... ప." ఒక్క క్షణం ఆగింది. "కడప! మాయత్త ఆ ఊర్లోనే ఉండాది టీచర్!"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

బడులన్నిటికీ వంతులవారీగా తిరిగే ఆ టీవీ సోమవారం వేరే బడికి పోతుంది. చదవలేనివాళ్లు ఇంకా ఐదుమంది ఉన్నారు. వాళ్లకేం చేయాలో...

సాయంత్రం షమీమ్ ప్రతి అంగడి బోర్డు దగ్గరా ఆగి కూడబలుక్కుంటాంటే, వాళ్లమ్మ నవ్వుకుంటా చెయ్యి పట్టి లాక్కుపోయింది.