మత్తు డాక్టరు బదులు నేను

ఫిబ్రవరి 2
లేబర్ రూమ్‌లో ఈ రోజు ముగ్గురు. ముగ్గురి తలాపునా నిలబడి దేవుడి వాక్యం చెప్పాను. నొప్పి శాపమనీ ఓర్పు కిరీటమనీ గద్దించి చెబితే ఏడుపు ఆపేస్తారు. హెడ్ సిస్టర్ నన్ను ప్రార్థనమ్మ అంటుంది. మీరొస్తే మాకు సగం చాకిరీ తప్పుతుందమ్మా అంది. పొంగిపోయాను. బడి మొహం చూడనిదాన్ని, అక్షరాలు కూడబలుక్కుని గ్రంథమంతా నేర్చుకున్నదాన్ని. ఆసుపత్రిలో డాక్టర్లు నాకు దారిస్తారు.

ఫిబ్రవరి 9
కోడలికి నెలలు నిండాయి. కాన్పుకి నొప్పి తెలియకుండా వెన్నులో ఇంజెక్షన్ కావాలంది, ఉప్పు అడిగినంత మామూలుగా. అమ్మ ఉందిగా, ఇంజెక్షన్ ఎందుకే అన్నాడు మావాడు. అయితే నువ్వు కను, అత్తయ్య నీకు ప్రార్థన చేస్తారు అంది.

నొప్పులతోనే కనాలని ఆడదానికి పడిన శాపం గుర్తు చేశాను. మగవాడికీ పడిందిగా అత్తయ్యా, చెమటోడ్చి తినాలని? మీ అబ్బాయి ఏసీ కారు తోలుతున్నాడే, ఏ పాపం అంటుకుంది అని అడిగింది.

దాని నోరు మూయించే మాట కోసం గ్రంథం తెరిచాను. దేవుడు మొదటి పురుషుడి పక్కటెముక తీసేముందు అతనికి గాఢనిద్ర పట్టించాడు. అతను అడగనైనా లేదు.

ఫిబ్రవరి 10
ఒక్క పక్కటెముకకి!

ఫిబ్రవరి 14
కోడల్ని వెంటబెట్టుకుని సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళాను. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. కాన్పుల వార్డుకి మత్తు డాక్టరు పోస్టు వచ్చిందట. ఎముకల ఆపరేషన్లకి మార్చేశారట. ఎందుకని అడిగాను. మా వార్డులో ఆడవాళ్ళు మత్తు అడగరమ్మా, మీ ప్రార్థన చాలు అని పైకి రాశాం, పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా అన్నాడు. మా ఇంజెక్షన్ మీరే కదమ్మా అని నవ్వాడు.

కోడలూ నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది.

ఫిబ్రవరి 15
గడ్డి ఇవ్వకుండానే ఇటుకలు చేయమని బానిసల్ని బాదించిన రాజు ఒకడున్నాడు గ్రంథంలో. వాడి మీద ఎన్ని బజార్లలో వాక్యం చెబుతూ నిప్పులు చెరిగాను! వాడి కొలువులో ఉన్నది నేనే.

ఫిబ్రవరి 18
మత్తు డాక్టరు వచ్చేదాకా ఆ గదిలో ప్రార్థన చేయనని చెప్పేశాను. అలిగారా అమ్మా, దేవుడి మీదా మా మీదా అని హెడ్ సిస్టర్ వేళాకోళం. కారిడార్ బెంచీ మీద కూర్చున్నాను.

లోపల ఆసుపత్రి బట్టలుతికే లాండ్రీ ఆవిడ కూతురు. తొలి కాన్పు. ప్రార్థనమ్మా, ప్రార్థనమ్మా అని పిలిచింది. నేను లేవలేదు. లాండ్రీ ఆవిడ బయటికొచ్చి, పిల్ల గుండెలు పగిలేలా ఏడుస్తుంటే బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావే, నీకు పోయేకాలమా అంది. ఏం చెప్పను? నీ పిల్ల అరవాలి, అప్పుడే వాళ్ళకి వినిపిస్తుంది అనా?

వాళ్ళకి వినిపించలేదు. ఆ పిల్లకి ఇంజెక్షనూ దక్కలేదు, నేనూ దక్కలేదు.

ఫిబ్రవరి 20
నా చోటుకి కుర్రవాళ్ళ పాటల బృందాన్ని పెట్టారు. గిటారు బాగానే వాయిస్తున్నారు.

ఫిబ్రవరి 23, సాయంత్రం
పొద్దున్నుంచీ కోడలికి నొప్పులు. మత్తు డాక్టరు బిజీ అన్నారు. పాటలు మొదలయ్యాయి. అత్తయ్యా, వాళ్ళని ఆపండి, లేకపోతే నేను లేచి ఆ గిటారు విరగ్గొడతాను అంది కోడలు. బజారులో వాక్యం చెప్పే గొంతుతో అరిచాను. మత్తు డాక్టర్ని పిలవండి అని. కారిడార్లో ఉన్న తల్లులూ అక్కలూ అందుకున్నారు, నా ప్రసంగానికి ఎప్పుడూ అంత గట్టిగా ఆమెన్ రాలేదు. లాండ్రీ ఆవిడ మాత్రం మొహం తిప్పుకుంది.

మత్తు డాక్టరు విసుక్కుంటూ వచ్చాడు. ప్రార్థనమ్మగారి కోడలు ఎవరు అని అడిగాడు. ఒక్క ఇంజెక్షన్ ఇచ్చాడు. కోడలి మొహం తేటపడింది. పక్క మంచం ఆమె, డాక్టరుగారూ, మరి నాకు అంది. ఆయన అప్పటికే తలుపు దాటాడు.

అదే రోజు, తరువాత
మనవరాలు పుట్టింది. ఇంకా ఎత్తుకోలేదు. పక్క మంచం దగ్గరే ఉన్నాను, ఆమెకింకా నొప్పులే. ఆమె ప్రార్థన చేయమంది. నోరు తెరిచాను. ప్రార్థన బదులు ఆమెతో పాటు అరిచాను.