నాన్న ఫోన్‌లో డబ్బాలు

తమ్ముడూ, నాన్నను కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. రెండు రోజులుగా ఆయన ఫోన్‌లో డబ్బాలు డబ్బాలుగా వస్తున్న మెసేజ్‌లు చెత్త కాదురా! ఆ పాత ఫోన్‌కు తెలుగు అక్షరాలు చూపించడం చేతకాదు, అంతే. ఇందాక ఒకటి నా ఫోన్‌కు పంపుకుని చూస్తే గుండె ఆగినంత పనైంది. "నేత్రదాత దొరికారు, ఈరోజు పన్నెండులోపు రండి" అని ఉంది!

ఆ ఫోన్ బల్ల మీదే పెట్టాను. మిగతావి నీ ఫోన్‌కు పంపుకుని చదివి, ఆపరేషన్‌కు ముందు చేయించాల్సిన పరీక్షల సంగతేమైనా ఉంటే వెంటనే నాకు చెప్పు. నీ ఫోన్‌లోనూ అక్షరాల బదులు ప్రశ్నార్థకాలే కనిపిస్తే లోపం పంపినవాళ్లది, ఆసుపత్రికే ఫోన్ చేసి అడుగు.

"ఏం వచ్చిందిరా?" అని నాన్న అడిగినప్పుడల్లా "ఏదో ప్రకటనలే" అని కొట్టిపారేశావు. నేనూ నమ్మాను.

అన్నట్టు, నాన్న కంటి కట్టు విప్పేటప్పుడు నువ్వు ఎదురుగా ఉండాలట. నీకు మీసాలొచ్చాక ఆయన నిన్ను చూడనే లేదు.